పిల్లల ఆటల పెట్టె: అమ్మే ముందు ఒక మాట

అమెరికాలో పెద్ద ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారుతున్న తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ



ముప్పై నలభై ఏళ్ల కిందట చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లి, అక్కడే పిల్లల్ని పెంచి పెద్దచేసి, ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేసి ఓ చిన్న ఇంటికో, కూతురుండే ఊరికో, హైదరాబాదుకో విజయవాడకో తరలిపోతున్న మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇలాంటి సమయంలో పెళ్లి ఆల్బమ్‌లూ, పూజ సామానూ, ఊరి నుంచి మోసుకెళ్లిన ఇత్తడి గిన్నెలూ ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బేస్‌మెంట్‌లో మూల పెట్టిన అట్టపెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగుతుంది. అందులో ఒక నింటెండో, తీగలు చిక్కుపడ్డ రెండు కంట్రోలర్లు, పదో పదిహేనో ఆట క్యాసెట్లు ఉంటాయి. ఇలాంటి మేరియో ఆట ఒకటి ఇరవై లక్షల డాలర్లకు పోయిందట అని ఎవరో ఒకరు మీ చెవిన వేసే ఉంటారు. అక్కడి నుంచి ఇంట్లో ఒకటే చర్చ. ఉంచుకుందామా, అమ్మేద్దామా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ధర చూసి నిర్ణయించకండి. ఆ క్యాసెట్ లోపల ఉన్నది ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా లేదా అన్నది చూసి నిర్ణయించండి. ఇంకోచోట ఉంటే నిశ్చింతగా అమ్మండి, ఎంతొచ్చినా తీసుకోండి. ఇంకెక్కడా లేకపోతే, దానికి ఒక ప్రతి తీయించేదాకా అమ్మనూ వద్దు, దాచనూ వద్దు.

ఆ ఇరవై లక్షల సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే ఇంటింటా ఆలోచన పక్కదారి పడుతున్నది అక్కడే. సూపర్ మేరియో బ్రదర్స్ అమెరికాలో 1985లో వచ్చింది. సీలు విప్పని పెట్టె ఒకటి 2017లో 30 వేల డాలర్లు పలికింది. 2019 ఫిబ్రవరిలో మరో పెట్టె 1,00,150 డాలర్లకు పోయింది. దాన్ని కలిసి కొన్న ముగ్గురిలో ఒకరు డాలస్‌లోని హెరిటేజ్ వేలం సంస్థ సహవ్యవస్థాపకుడు జిమ్ హాల్పెరిన్. 2020 జులైలో హెరిటేజ్ వేలంలోనే ఒక మేరియో 1,14,000కి చేరింది. 2021 ఏప్రిల్‌లో ఇంకొకటి 6,60,000. ఆ ఏడాది జులైలో లెజెండ్ ఆఫ్ జెల్డా 8,70,000. రెండు రోజులు తిరక్కుండానే సూపర్ మేరియో 64కి 15,60,000. ఆగస్టులో ర్యాలీ అనే సంస్థ దగ్గరున్న సూపర్ మేరియో బ్రదర్స్ పెట్టెకు 20 లక్షలు. ఆ పెట్టెనే ర్యాలీ 2020లో 1,40,000కి కొని, వాటాలుగా విడగొట్టి చిన్న మదుపరులకు అమ్మింది.

సూపర్ మేరియో 64 ప్రపంచమంతటా కోటీ పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన ఆట. దాన్ని అరుదైనదని ఏ లెక్కన అంటారు? 15 లక్షలకు పైగా పలికింది ఆట కాదు. పెట్టె, పైనున్న ప్లాస్టిక్ చుట్టు చెక్కుచెదరలేదని వాటా గేమ్స్ అనే గ్రేడింగ్ సంస్థ వేసిన 9.8 మార్కు, దాని పక్కన ఏ ప్లస్ ప్లస్ అన్న అక్షరం. ఆ పెట్టెను గట్టి పారదర్శకమైన డబ్బాలో బిగించి ఇస్తారు. ఇక దాన్ని ఎవరూ ఆడరు. ఈ ధరల వెనక ఏం జరిగిందన్న ప్రశ్న ఆ ఆగస్టులోనే గట్టిగా లేచింది. ధరలను కావాలని పెంచారన్న ఆరోపణలను వాటా సంస్థ తోసిపుచ్చింది. 2022 మేలో కాలిఫోర్నియాలో కొందరు ఆ సంస్థ మీద కోర్టుకెక్కారు. సీలు పెట్టెల ధరలు 2021 వేసవి ఎత్తు నుంచి దిగివచ్చాయి. ఆ రికార్డు ధరల వార్తలు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉన్నాయి గానీ, వాటికీ మీ పెట్టెకూ ఏ సంబంధమూ లేదు. మీ అబ్బాయి ఆ ప్లాస్టిక్ చుట్టును పుట్టినరోజు నాడే చింపేశాడు. చింపి ఆడుకున్నాడు. మీరు డబ్బు పెట్టి కొన్నది అందుకే కదా.

కాబట్టి మామూలు పెట్టెలో ఉండేవి మామూలు వస్తువులే. మేరియో, డక్ హంట్ కలిసి ఉన్న విడి క్యాసెట్ మహా అయితే పది, ఇరవై డాలర్లది. అలాగని అన్నీ అంతే అనుకుని గుడ్‌విల్‌లో ఇచ్చేయకండి. కొన్ని క్యాసెట్లకు నిజంగానే మంచి ధర ఉంది. ఎర్త్‌బౌండ్ అనే ఆట 1995లో అమెరికాలో వచ్చినప్పుడు సరిగా అమ్ముడుపోలేదు. ఆడినవాళ్లు మాత్రం దాన్ని మరిచిపోలేదు. ఇప్పుడు విడి క్యాసెట్టే వందల డాలర్లకు పోతుంది. దాంతోపాటు వచ్చిన పెద్ద అట్టపెట్టె, లోపలి గైడు పుస్తకం నలగకుండా ఉంటే వెయ్యి దాటుతుంది. చాలామంది అమ్మలు పండగ శుభ్రతలో పారేసింది ఆ పెట్టెల్నే, ఎవరైనా అదే చేస్తారు. అందుకే పెట్టె క్యాసెట్ కంటే ప్రియమైంది. మీ ఇంట్లో ఎర్త్‌బౌండ్ ఉంటే అమ్మడానికి సంకోచించకండి. ఆట ఎక్కడికీ పోదు. 2022 ఫిబ్రవరి నుంచి నింటెండో స్విచ్‌లో చందా కట్టినవాళ్లందరూ దాన్ని ఆడుకుంటున్నారు. మీరు అమ్ముతున్నది ఒక అందమైన వస్తువు మాత్రమే. దాన్ని మీకంటే ఎక్కువ కోరుకునేవాళ్ల చేతికి అది వెళ్లడం మంచిదే.

వస్తువు అరుదు కావడం వేరు, లోపలున్న ఆట అరుదు కావడం వేరు. ఈ తేడా అర్థం కావడానికి స్టేడియం ఈవెంట్స్ కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1987లో బాండాయి కంపెనీ, నేల మీద పరిచి కాళ్లతో తొక్కుతూ ఆడే ఒక చాపను ఫ్యామిలీ ఫన్ ఫిట్‌నెస్ పేరుతో అమెరికాలోకి తెచ్చింది. దాని మీద పరుగులు పెట్టి, దూకి ఆడాల్సిన క్రీడల ఆట స్టేడియం ఈవెంట్స్. అది అంగళ్లలో కుదురుకోకముందే ఆ చాప హక్కుల్ని నింటెండో కొనుక్కుంది. 1988లో చాపకు పవర్ ప్యాడ్ అనీ, ఆటకు వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్ అనీ పేర్లు పెట్టి తన పేరుతో అమ్మింది. పాత పేరున్న ప్రతులు మార్కెట్ నుంచి మాయమయ్యాయి. బయటికి వెళ్లిన కొద్దిపాటి ప్రతులే ఇప్పుడు సేకర్తల పాలిట నిధులు. 2013లో నార్త్ కరొలైనాలో ఒకామె గుడ్‌విల్ అంగట్లో 7.99 డాలర్లకు ఒక స్టేడియం ఈవెంట్స్ కొని, 25 వేల డాలర్లకు అమ్ముకుంది. ఆ క్యాసెట్‌లో ఉన్నదీ, ఏ పాత ఆటల అంగట్లోనైనా కొద్ది డాలర్లకు దొరికే వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్‌లో ఉన్నదీ దాదాపు ఒకే ఆట. అవే పరుగులు, అవే గెంతులు. పేరున్న కాగితమే తేడా. ఆమె అమ్మి మంచి పనే చేసింది. లోకం దానివల్ల ఏమీ పోగొట్టుకోలేదు, ఆమె ఇంటికి ఆసరా దొరికింది. మీకూ అలాంటిదే దొరికితే ఆమె చేసినట్టే చేయండి.

ఇలాంటి అరుదైన వస్తువే ఇంకొకటి ఉంది. 1990లో నింటెండో అమెరికాలో ఊరూరా తిరిగి పిల్లలకు పోటీలు పెట్టింది. ఆ యాత్ర మొదలైంది డాలస్‌లో, ముగిసింది హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో. ఆరు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లలో మేరియోలో 50 నాణేలు ఏరాలి, ర్యాడ్ రేసర్‌లో ఒక ట్రాక్ పూర్తిచేయాలి, మిగిలిన సమయమంతా టెట్రిస్. చివరిదాకా నిలిచినవాళ్లకు ఇచ్చిన బూడిదరంగు క్యాసెట్లు 90. నింటెండో పవర్ పత్రిక పోటీలో ఇచ్చిన బంగారు రంగువి 26. బూడిదరంగు క్యాసెట్ ముందువైపు కోసిన చిన్న కిటికీలోంచి వరసగా బుల్లి స్విచ్చులు కనిపిస్తాయి. మీ అమ్మాయి ఆ రోజుల్లో ఆ పోటీకి వెళ్లి ఉంటే, పెట్టెలో ఒకసారి చూడండి. లోపలి ప్రోగ్రాముకు ప్రతులు ఎప్పుడో తీశారు కాబట్టి ఇది కూడా అమ్ముకోదగినదే. మీరు దాన్ని అమ్మరేమో, అది వేరే సంగతి.

ఇంతవరకూ చెప్పినవన్నీ తేలికైన సందర్భాలు. నన్ను ఈ ఉత్తరానికి పురిగొల్పింది ఇంకో రకం క్యాసెట్.

మీలో చాలామంది 1990లలో కాలిఫోర్నియాలోనో, రెడ్మండ్‌లోనో, టెక్సాస్‌లోనో సాఫ్ట్‌వేర్, చిప్ కంపెనీల్లో పనిచేశారు. ఆ రోజుల్లో ఎన్నో కంపెనీలు పుట్టాయి, ఎన్నో మూతపడ్డాయి. ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు బయట పడేసే సామాన్లోంచి, పిల్లలు ఆడుకుంటారు కదా అని ఒకటో రెండో ఇంటికి పట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు. అలా వచ్చినదానికి రంగుల లేబుల్ ఉండకపోవచ్చు. తెల్ల కాగితం మీద పెన్నుతో ఆట పేరు, తేదీ రాసి ఉంటాయి. ఒక్కోసారి ప్లాస్టిక్ తొడుగు కూడా ఉండదు, పచ్చటి సర్క్యూట్ బోర్డు ఒక్కటే ఉంటుంది. దాని మీది చిప్పులకు నడుమ గుండ్రటి చిన్న గాజు కిటికీ, దానిమీద అతికించిన ఒక స్టిక్కర్. ఇది ప్రోటోటైప్, అంటే ఆట ఇంకా తయారవుతుండగా కంపెనీ లోపల పరీక్షకు చేసుకున్న ప్రతి. అది పూర్తయ్యి విడుదలైన ఆటదైతే, అందులో తర్వాత తీసేసిన అంచెలో, మార్చేసిన బొమ్మలో ఉంటాయి. విడుదలే కాకుండా ఆగిపోయిన ఆటదైతే, మీ చేతిలో ఉన్నదే ఆ ఆట మొత్తం.

ఆ స్టిక్కర్‌ను మాత్రం దయచేసి పీకకండి. ఆ రకం చిప్పును ఈప్రామ్ అంటారు. ఆ కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పడితే లోపల రాసింది చెరిగిపోతుంది. అదే పద్ధతిలో దాన్ని చెరిపి మళ్లీ రాసుకునేవాళ్లు. ఎండలో వదిలేసినా మెల్లగా అదే జరుగుతుంది. ఎండ తగలకపోయినా, ఏళ్లు గడిచేకొద్దీ లోపలి విద్యుదావేశం కొద్దికొద్దిగా కారిపోతుంది. బీరువాలో భద్రంగా దాచిన ప్రోటోటైప్ పైకి కొత్తగానే ఉంటుంది, లోపల మాత్రం అక్షరాలు రాలిపోతూ ఉంటాయి. అందుకే ఇలాంటిదాన్ని ఊరికే ఉంచుకోవడం కూడా దాన్ని పోగొట్టుకోవడమే అంటున్నాను.

ఉదాహరణకు, 1991లో నింటెండో, సిమ్‌సిటీ ఆటను రెండు యంత్రాలకు తయారుచేస్తున్నట్టు చూపించింది. సూపర్ నింటెండోది విడుదలైంది. పాత నింటెండోది ఆగిపోయింది. పాతికేళ్లు అది ఉందో లేదో ఎవరికీ తెలియదు. 2017లో రెండు ప్రోటోటైప్ క్యాసెట్లు బయటపడ్డాయి. వాటిలోని ప్రోగ్రామును చదివి, ప్రతి తీసి, 2018 డిసెంబరులో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ దాన్ని లోకం ముందు పెట్టింది. ఫ్రాంక్ సిఫాల్డి 2017లో కాలిఫోర్నియాలో ఆరంభించిన లాభాపేక్ష లేని సంస్థ అది. ఆ రెండు క్యాసెట్లూ ఏ ఇంటి ముందరి గ్యారేజ్ సేల్‌లోనో తడిసిపోయి ఉంటే, ఒక పెద్ద ఆట చరిత్రలో ఒక అధ్యాయం చదవకుండానే పోయేది. ఇలా పోయినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కూడా మన వల్ల కాదు, ఎందుకంటే అవి ఉండేవని కూడా మనకు తెలియదు.

ఇంకో కథ చెప్తాను, మీ పరిస్థితికి మరీ దగ్గరిది. ప్లేస్టేషన్‌ను సోనీ మొదట నింటెండోతో కలిసి చేయబోయింది. 1991లో ఆ పొత్తు చెడింది. ఆ ఉమ్మడి యంత్రానికి చేసిన నమూనా ఒకటి, సోనీలో పెద్ద హోదాలో ఉండి తర్వాత పెన్సిల్వేనియాలోని అడ్వాంటా అనే ఆర్థిక సంస్థలో చేరిన ఓలాఫ్ ఓలాఫ్‌సన్ సామానుతో పాటు ఆ ఆఫీసుకు చేరింది. అడ్వాంటా దివాలా తీసినప్పుడు సామాను వేలం వేశారు. అక్కడ పనిచేసిన ఒకాయన ఒక పెట్టెను 75 డాలర్లకు పాడుకున్నాడు. ఆ పెట్టెలో ఏముందో ఏళ్ల తరబడి ఆయనకే తెలియదు. 2015లో ఆయన కొడుకు అటక మీద వెతికి తీశాడు. నింటెండో, సోనీల పొత్తుకు గుర్తుగా మిగిలిన ఆ డబ్బాను చూసి ప్రపంచం నమ్మలేకపోయింది.

ఆ తండ్రీ కొడుకులు చేసిన పని నాకు చాలా ఇష్టం. వెంటనే అమ్మలేదు. బెన్ హెకెన్‌డార్న్ అనే నిపుణుడి చేత విప్పించి, బాగు చేయించి, పనిచేయని సీడీ భాగాన్ని కూడా 2017 నాటికి పనిచేయించారు. లోపల ఏముందో బొమ్మలతో సహా అందరికీ తెలిసింది. ప్రదర్శనలకు మోసుకు తిరిగారు. ఆ తిరుగుళ్ల ఖర్చు మీద పడుతుంటే, చివరికి 2020 మార్చిలో హెరిటేజ్ వేలంలో పెట్టారు. పాటలో 3 లక్షల డాలర్ల దగ్గర ఆగింది, కొన్నవాడు వేలం సంస్థకు కట్టేది కలిపి 3,60,000. కొన్నది పెట్స్ డాట్ కామ్ స్థాపించిన గ్రెగ్ మెక్‌లెమోర్, ఆట యంత్రాలను పెద్దఎత్తున సేకరించి మ్యూజియం పెట్టాలన్న ఆలోచన ఉన్న మనిషి. అంతకుముందు ఇంతకు మూడింతల ధర వస్తే వద్దన్నారని వార్తల్లో వచ్చింది. అయినా వాళ్లు నష్టపోయారని నేను అనుకోను. ముందు అందరికీ తెలిసేలా చేశారు, ఆ తర్వాతే సొమ్ము చేసుకున్నారు. పనులు ఆ వరసలోనే జరగాలి.

ఇక్కడ సేకర్తలు గట్టిగా వాదించే మాట ఒకటుంది. దాన్ని పక్కకు తోసేయలేను. ప్రతి తీస్తే నా దగ్గరున్నదానికి విలువ ఎక్కడ మిగులుతుంది, నేను వేలు పోసి కొన్నది లోకానికి ఉచితంగా ఎందుకివ్వాలి అంటారు. డబ్బు ఇబ్బందుల్లో ఉన్న కుటుంబానికి ఇది ఊరికే వచ్చే ప్రశ్న కాదు. మొదట ధర సంగతి చూడండి. స్టేడియం ఈవెంట్స్‌లో ఉన్న ఆట అందరి దగ్గరా ఉంది, అయినా ఆ క్యాసెట్ వేలకు వేలు పలుకుతూనే ఉంది. పోటీల క్యాసెట్లదీ అదే తీరు. కొనేవాళ్లకు కావలసింది ఆ అసలు వస్తువు. దాని ప్రతి ఎన్ని చోట్ల ఉన్నా అసలు అసలే. కొన్నిసార్లు, విడుదల కాని ఆట విషయంలో, ప్రతి బయటికి వస్తే ధర కొంత తగ్గవచ్చు. అప్పుడు కూడా ప్రతి తీయాలనే అంటాను. మీరు దాన్ని దాచారు, కాపాడారు, అందుకు ప్రతిఫలం మీకు దక్కాలి. కానీ ఆ ఆటను రాసింది మీరు కాదు, నేనూ కాదు. అర్ధరాత్రిళ్లు కూర్చుని పదిమంది రాసిన పని అది. అది బతికి ఉండడానికి, చచ్చిపోవడానికి మధ్య నిలబడి ఉన్నది మీరొక్కరే అయినప్పుడు, బేరం కంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంటుంది.

మన భాషలో ఈ మాట కొత్తదేం కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత జీతంతో పండితుల్నీ రాయసగాళ్లనూ పెట్టి తాటాకు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. తాటాకులు ఎవరి ఇంట్లోవి వాళ్లకు తిరిగి వెళ్లినా, పుస్తకం బతికింది. నన్నెచోడుడి కుమారసంభవం పేరు కూడా వినని తరాలు మనకు గడిచాయి. తంజావూరులో దొరికిన ప్రతిని పట్టుకుని మానవల్లి రామకృష్ణకవి 1909లో అచ్చువేస్తే తప్ప అలాంటి కవి ఉన్నాడన్నది వెలుగులోకి రాలేదు. చేత్తో రాసిన లేబుల్ ఉన్న ఒక్క క్యాసెట్‌ను చూస్తే నాకు ఆ తాటాకుల కట్టే గుర్తొస్తుంది.

కంపెనీలే దాచుకుంటాయి కదా, మనకెందుకు అనుకోవద్దు. 2023లో ఆ హిస్టరీ ఫౌండేషనే, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్‌తో కలిసి ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అమెరికాలో వచ్చిన పాత ఆటల్లో నూటికి 87 అప్పటికి ఏ అంగట్లోనూ, ఏ ఆన్‌లైన్ దుకాణంలోనూ కొనడానికి దొరకడం లేదని తేల్చింది. సెగా శాటర్న్ మీద 1998లో వచ్చిన పాంజర్ డ్రాగూన్ సాగాను ఆడినవాళ్లు ఆకాశానికెత్తారు. ఇంతవరకూ అది మళ్లీ విడుదల కాలేదు. గ్రంథాలయాలు తమ దగ్గరున్న పాత ఆటలను పరిశోధకులకు ఇంటి నుంచే చూసుకునేలా ఇస్తామని అనుమతి అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదన్నది. నాకు అది అన్యాయమనే అనిపిస్తుంది. అదే సమయంలో, ప్రతి తీసి భద్రపరచడం వేరు, దాన్ని అందరికీ పంచడం వేరు. పంచడానికి హక్కుదారు అనుమతి కావాలి. ఆ తంటా మీరు నెత్తిన వేసుకోనక్కర్లేదు, సంస్థలకు వదిలేయండి.

ఇంతకంటే నాకు ముఖ్యమనిపించే సంగతి ఒకటుంది. ఇది వేలం పాటలకు ఎక్కదు, మ్యూజియంకీ పట్టదు.

1987లో వచ్చిన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్‌లో బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. పిల్లవాడు ఆట ఎంతవరకు ఆడాడో గుర్తుంచుకోవడానికి అది. ఆడేవాడు మొదట తన పేరు రాయాలి, ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకు మించకుండా. శ్రీనివాస్ అన్న పేరు సరిగ్గా పడుతుంది. తర్వాత 1998లో పోకెమాన్ వచ్చేసరికి ఏడు అక్షరాలే ఇచ్చారు. లక్ష్మి సరిపోతుంది. శ్రీనివాస్‌కు ఒక అక్షరం తగ్గించుకోవాల్సి వచ్చింది, వెంకటేశ్‌కు ఇంకా ఎక్కువ. మీ పిల్లలు ఆ రోజు ఏ అక్షరం వదిలేశారో ఆ క్యాసెట్‌లో ఇప్పటికీ ఉండొచ్చు. ఆటలోని ఏ జంతువుకు తాతగారి పేరు పెట్టుకున్నారో, ఎన్ని గంటలు ఆడారో అన్నీ ఆ బ్యాటరీ పట్టుకుని ఉంటాయి. ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుందది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో గడియారం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది కనుక ముందే ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన రోజు అదంతా ఒక్కసారిగా పోతుంది. పాడైన బ్యాటరీ మార్చడం తేలికే, కానీ జాగ్రత్తపడకుండా మారిస్తే లోపలిది పోతుంది.

ఇది లోకంలో ఇంకెక్కడా లేనిది. మీ ఇంటిదే. పోకెమాన్ క్యాసెట్లు కోట్లలో ఉన్నాయి, మీ కూతురు తొమ్మిదేళ్ల వయసులో ఆడిన ఆట ఒక్కదాంట్లోనే ఉంది. క్యాసెట్‌ను కంప్యూటర్‌కు తగిలించి, లోపలి ఆటనూ ఈ దాచుకున్న భాగాన్నీ ప్రతి తీసే చిన్న పరికరాలు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. మీ ఇంట్లో కంప్యూటర్ తెలిసిన ఎవరైనా ఒక గంటలో చేయగలరు. ఆ ఫైలు తీసి కూతురికి పంపి, ఆ తర్వాత క్యాసెట్ అమ్మండి. తనను అడగకుండా మాత్రం అమ్మకండి. ఎప్పుడో వదిలేసింది కదా అనుకుంటాం. పిల్లలు అలా వదిలేసినవి చాలావరకు మన ఇంట్లో భద్రంగా ఉంటాయన్న ధైర్యంతో వదిలేసినవే.

అమ్మే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. క్యాసెట్ కొనల దగ్గర రాగిపళ్లను దూది పుల్లకు అద్దిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు. నోటితో ఊదడం అప్పుడూ మంచిది కాదు, ఇప్పుడూ కాదు. ఖరీదైన వస్తువైతే ఆదాయపు పన్ను కూడా గుర్తుంచుకోండి. ఏడాదికి మించి మీ దగ్గరున్న సేకరణ వస్తువు మీద లాభానికి అమెరికా కేంద్ర పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండొచ్చు. మ్యూజియంకి విరాళంగా ఇస్తే మినహాయింపు ఉంది, కానీ 5,000 డాలర్లు దాటినదానికి అర్హత గల నిపుణుడి చేత విలువ కట్టించాలి. ఇవన్నీ మీ పన్ను లెక్కలు చూసే ఆయనకు తెలిసినవే.

ఇండియాకు తిరిగి వస్తున్నవాళ్లకు ఒక మాట. ఆ నింటెండోను మేనల్లుడి పిల్లలకిద్దామని సూట్‌కేసులో పెట్టుకోకండి. అది 120 వోల్టులది, అమెరికా టీవీ పద్ధతికి చేసింది. 1990లలో మన ఊళ్లలో దొరికిన వీడియో గేముల క్యాసెట్లకు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్లకు 72. ఒకదాన్లో ఒకటి పట్టవు. దాని బదులు, విజయవాడలోనో వరంగల్‌లోనో మీ తమ్ముడింటి అటక మీద ఆ రోజుల నాటి వందల ఆటల క్యాసెట్ ఏదైనా ఉందేమో అడగండి. లైసెన్సు లేకుండా ఎవరెవరో ఆసియాలో తయారుచేసిన ఆ క్యాసెట్లలో ఏ ఆటను ఏ పేరుతో ఎలా మార్చి పెట్టారో పూర్తిగా నమోదు చేసినవాళ్లు తక్కువ. వాటికి ధర రాదు. వాటికి ప్రతులు తీసి జాబితా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు అవి అపురూపం. మన ఊళ్లలో పెరిగిన పిల్లల బాల్యం ఎక్కువగా గడిచింది వాటితోనే, అమెరికా క్యాసెట్లతో కాదు.

చివరగా మీ నుంచి నేను కోరుతున్నది ఇది. ఈ వారాంతం పెట్టె తెరిచి, క్యాసెట్లన్నీ బల్ల మీద పరిచి, ముందూ వెనకా ఫోటోలు తీయండి. ఆ ఫోటోలు పిల్లలకు పంపి, దేన్ని వాళ్లు కావాలంటారో కనుక్కోండి. వద్దన్నవాటిలో అచ్చు లేబుల్ ఉన్నవాటిని మీ ఇష్టం వచ్చిన ధరకు అమ్మండి. పెట్టెలో చేతిరాత ఉన్నది గాని, లేబులే లేని పచ్చ బోర్డు గాని ఒక్కటి కనిపించినా, దాన్ని బేరానికి పెట్టకముందే న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉన్న స్ట్రాంగ్ మ్యూజియానికో, కాలిఫోర్నియాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్‌కో ఒక ఉత్తరం రాయండి. ఎక్కడ పనిచేసినప్పుడు, ఏ ఏడాది, ఎవరి ద్వారా మీ ఇంటికి వచ్చిందో గుర్తున్నంతవరకు అందులో రాయండి. అది గుర్తున్నది మీకు మాత్రమే, మీ పిల్లలకు తెలియదు. ఆ సంస్థ జవాబు వచ్చి, ప్రతి తీయడం పూర్తయ్యాక, అమ్ముతారో ఉంచుకుంటారో మీ ఇష్టం. ఏది చేసినా అది సరైన నిర్ణయమే అవుతుంది.

ఇట్లు
పాత ఆటల మీద ప్రేమతో,
మీ పిల్లల ఈడు తెలుగువాడు